బ్లాండు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బ్లాండు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఉప్పూకారం లేని చప్పిడి తిండికి ఇంగ్లీషువాళ్లు ‘బ్లాండ్’ అని తమరి పేరు పెట్టారని ఇన్నాళ్లూ జాలిపడ్డాం. తీరా ఆరా తీస్తే తమరిది రోమన్ల నాటి మాటకారి వంశమట! లాటిన్‌లో ‘బ్లాండుస్’ అంటే ఇచ్చకాలాడేవాడు, బుజ్జగించి బుట్టలో వేసేవాడు. తమరి బంధువు, ‘బ్లాండిష్‌మెంట్’ అనే ఇంగ్లీషు మాట, ఇప్పటికీ ఆ కులవృత్తి మీదే బతుకుతోంది. తమరు మాత్రం పథ్యం పట్టారు.

17వ శతాబ్దంలో ఇంగ్లీషులో అడుగుపెట్టినప్పుడు కూడా తమరికి లోటు లేదు. సౌమ్యుడైన మనిషన్నా, హాయైన గాలన్నా తమరే. ఆ సౌమ్యమే కడుపును నొప్పించని తిండికి అంటుకుంది. నొప్పించనిది కాస్తా రుచించనిదై కూర్చుంది. (తమరి దాయాది ‘ఇన్సిపిడ్’ గారు పుట్టుకతోనే రుచి లేనివారు కనుక వారితో మనకు పేచీ లేదు.)

అసలు గొడవ ఆస్పత్రిలో తమరు వెలగబెట్టిన ఉద్యోగం గురించి. 1915లో చికాగో డాక్టరు బెర్‌ట్రమ్ సిప్పీ కడుపులో పుండున్నవాళ్లకు గంటగంటకూ పాలూ మీగడా, నడుమ క్షారపు పొడులూ పట్టించే పద్ధతి చెప్పారు. దశాబ్దాల పాటు రోగులు ఆ చప్పిడి తిండితో నోరు కట్టుకున్నారు. పాలు కాసేపు మంట చల్లార్చి, ఆనక ఆమ్లాన్ని ఇంకా ఊరిస్తాయని తర్వాత తేలింది. ముందు బుజ్జగింపు, వెనక చురక! వంశ లక్షణం ఎక్కడికి పోతుంది? ఆ పాలూ పొడులూ కలిసి రక్తంలో కాల్షియం పెంచి కొందరి కిడ్నీలనూ దెబ్బతీశాయి.

చివరికి ఆస్ట్రేలియాలో డాక్టర్లు రాబిన్ వారెన్, బారీ మార్షల్ ఆ పుండ్ల వెనకున్న అసలు దొంగను పట్టారు: హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవుల ద్రావణాన్ని తానే గటగటా తాగేశారు. కడుపు వాచింది, రుజువు దొరికింది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

మరి అన్నేళ్లు నింద మోసిన మా మిరపకాయ మాటేమిటి? అది మంట పెడుతుంది, కాదనం. పుండు పెట్టింది మాత్రం అది కాదు. దాన్ని బతిమాలుకుని, బుజ్జగించి, మళ్లీ రోగుల పళ్లెంలోకి పిలుచుకురావలసిన బాధ్యత తమరిదే. ఇచ్చకాలు తమరికి వెన్నతో పెట్టిన విద్యే కదా!

ఇట్లు,
పెరుగన్నంలోనూ ఊరమిరపకాయ నంజుకునే ఒక తెలుగువాడు