సవరణ: జయలలిత ఇంటర్వ్యూ మధ్యలో లేచి వెళ్లలేదు

నిన్న కావలి టీ బంకు కబుర్ల గురించి రాస్తూ, ఇష్టం లేని ప్రశ్నకు మైకు పీకేసి వెళ్లిపోయిన నాయకుల్లో జయలలిత పేరు కూడా చేర్చాను. తప్పు. పొద్దున్నే మా మేనమామ నెల్లూరు నించి ఫోన్ చేసి, "ఏంరా, చూసే రాశావా?" అన్నాడు. చూళ్లేదు, విన్నదే రాశా.

2004లో బీబీసీ హార్డ్‌టాక్ ఇంటర్వ్యూలో జర్నలిస్టు కరణ్ థాపర్ అడిగిన ప్రశ్నలకు ఆమె మండిపడ్డారు, కానీ చివరిదాకా కూర్చున్నారు. ఆఖర్న ఆయన మాట్లాడటం సంతోషం అంటే, నాకు మాత్రం కాదని మొహం మీదే చెప్పి, నమస్తే అని మైకు తీసి బల్ల మీద పడేశారు. ఆ పడేయడమే జనానికి గుర్తుండిపోయినట్టుంది. నాకూ అంతే.

నిజంగా మధ్యలో లేచింది నరేంద్ర మోదీ. 2007లో, అదే థాపర్ ముందు, న్యూస్ ఛానల్ సీఎన్ఎన్-ఐబీఎన్‌లో. 2002 అల్లర్ల మీద ప్రశ్నలు మొదలై మూడు నిమిషాలు గడిచాయో లేదో, మంచినీళ్లు తాగి, స్నేహం నిలవాలని చెప్పి మైకు తీసేశారు. అప్పటికాయన గుజరాత్ ముఖ్యమంత్రి. నేను ప్రధాని అని రాశాను, అదీ తప్పే.

పాత పోస్టులో రెండూ దిద్దాను. మామయ్యకు టీ బాకీ.