చేతులు మారిన ఓడ, మారిపోయిన లెక్కలు

2014 ఏప్రిల్ 16న దక్షిణ కొరియా తీరంలో సెవోల్ ఫెర్రీ మునిగి 304 మంది చనిపోయారు. వారిలో 250 మంది ఒకే హైస్కూల్ విద్యార్థులు. పిల్లల్ని లోపలే వదిలేసి తాను ముందే బయటపడ్డ కెప్టెన్ మీద జనం మండిపడ్డారు, అందులో వింతేమీ లేదు. దాంతోపాటు 'జపాన్ వాళ్లు వాడేసి వదిలించుకున్న పాత ఓడ' అన్న మాట కూడా గట్టిగానే వినిపించింది. నాకు పేచీ ఈ మాటతోనే.

1994లో జపాన్‌లో తయారైన ఆ ఓడ 'ఫెర్రీ నమినోవే' పేరుతో కగోషిమా, ఒకినావాల మధ్య 18 ఏళ్లు తిరిగింది. తుపాన్లు తరచూ వచ్చే దారి అది. 2012లో కంపెనీ అదే పేరుతో కొత్త ఓడను దించుకుని దీన్ని అమ్మేసింది. జపాన్‌లో ఇది మామూలు వ్యవహారమే. 15, 20 ఏళ్లు నడిచిన ఫెర్రీలు అక్కణ్నుంచి ఫిలిప్పీన్స్‌కో, ఇండోనేసియాకో, కొరియాకో చేరతాయి. కొనేవాళ్లకూ గత్యంతరం లేదు. కొత్త ఓడ ఖర్చు టికెట్ మీద వేస్తే ఎక్కేవాడుండడు. ఈ పాత ఫెర్రీలే లేకపోతే ఎన్నో దీవులకు రాకపోకలే ఉండవు.

అసలు సంగతి ఓడ వయసులో లేదు, కొన్నాక దానికి చేసిన మార్పుల్లో ఉంది. కొరియా కంపెనీ చోంగ్హేజిన్ ఓడ కొనడానికి ప్రభుత్వ బ్యాంకు నుంచి వెయ్యి కోట్ల వాన్ (కొరియా కరెన్సీ) అప్పు తెచ్చింది. పై అంతస్తుల్లో క్యాబిన్లు పెంచింది. వెనకవైపు కంపెనీ అసలు యజమాని తీసిన ఫొటోలు పెట్టడానికి ఓ హాలు కూడా కట్టించింది! 804 మంది ఎక్కాల్సిన ఓడలో 921 మందికి చోటొచ్చింది, బరువూ పెరిగింది. పెరిగిందంతా పైభాగంలోనే కాబట్టి ఓడ నిలకడ తగ్గింది. తనిఖీ సంస్థ ఇది గమనించకపోలేదు. సరుకును 2,437 టన్నుల నుంచి 987 టన్నులకు తగ్గించాలనీ, అడుగు ట్యాంకుల్లో నింపే బ్యాలస్ట్ నీళ్లను 1,703 టన్నులకు పెంచాలనీ షరతు పెట్టి అనుమతి ఇచ్చింది.

ఆదాయమేమో సరుకు రవాణాలో ఉంది. చివరి ప్రయాణంలో ఎక్కించిన సరుకు 2,100 టన్నులు దాటింది. మరి రేవులో ఎవరూ పట్టుకోలేదా? ఓడ పక్కన గీసి ఉండే లోడ్ లైన్ నీళ్లలో మునిగితే బరువు ఎక్కువైనట్టు లెక్క. ఆ గీత పైకి కనబడాలంటే బ్యాలస్ట్ నీళ్లు తోడేస్తే చాలు. అదే చేశారు. ఒడ్డు మీంచి చూసేవాడికి అంతా సక్రమమే. నిజానికి పైన బరువు పెరిగింది, కింద ఆనాల్సిన బరువు పోయింది. పైగా అప్పట్లో ఆ రేవు తనిఖీ బాధ్యత ఎవరిదనుకున్నారు? ఓడల కంపెనీలే సభ్యులుగా ఉన్న సంఘానిది.

ఇది కొరియాకే పరిమితమైన జబ్బు కాదు. 1963లో జపాన్‌లో 608 మంది కోసం కట్టిన 'హిమెయూరి మారు' 1975లో ఫిలిప్పీన్స్‌కు చేరింది. చివరికి 'డోన్యా పాజ్' అనే పేరుతో 1,518 మందికి అనుమతి తెచ్చుకుంది. 1987 డిసెంబర్‌లో ఆయిల్ ట్యాంకర్‌ను ఢీకొని తగలబడినప్పుడు అందులో నాలుగు వేల మందికి పైగా చనిపోయారు.

అంతర్జాతీయ నిబంధనలు ఏం చేస్తున్నాయంటారా? ఓడల్లో ప్రాణభద్రత కోసం దేశాలు చేసుకున్న సోలాస్ ఒప్పందం దేశం దాటి వెళ్లే ప్రయాణాలకే వర్తిస్తుంది. సెవోల్ వెళ్తున్న ఇంచియోన్ నుంచి జెజు, డోన్యా పాజ్ వెళ్తున్న టక్లోబాన్ నుంచి మనీలా దేశంలోపలి దారులు. అక్కడ ఆ ప్రభుత్వం మాటే చెల్లుతుంది. అంతర్జాతీయ దారి అయినంత మాత్రాన గండం గడిచినట్టూ కాదు. 2006లో సౌదీ నుంచి ఈజిప్టు వెళ్తూ ఎర్ర సముద్రంలో మునిగిన 'అల్ సలాం బొకాచియో 98' కూడా ఇటలీలో కట్టిన పాత ఓడే, దానికీ పై డెక్కులు తర్వాత చేర్చినవే. దాదాపు వెయ్యి మంది పోయారు.

ప్రమాదం జరిగాక ప్రభుత్వాలు ముందుగా పట్టుకునేది వయసు పరిమితినే. కొరియా 2009లో దాన్ని 30 ఏళ్లకు సడలించి, సెవోల్ తర్వాత మళ్లీ 25కు దించింది. చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ సెవోల్ మునిగేనాటికి దాని వయసు 20 ఏళ్లే, కొత్త పరిమితి కిందా అది దర్జాగా తిరిగేది. ఐరాస సముద్రయాన సంస్థ 2022లో దేశీయ ఫెర్రీల కోసం నమూనా నిబంధనలు తెచ్చింది గానీ, పాటించాలా వద్దా అన్నది ఆయా దేశాల ఇష్టం.

నేనైతే ఒకే షరతు అడుగుతాను. మొదటి దేశం ఎంతమందికి, ఎంత సరుకుకు అనుమతిచ్చిందో ఆ అంకెలు అమ్మకం కాగితాలతోపాటే రావాలి. కొత్త దేశం వాటిని తగ్గించవచ్చు గానీ పెంచడానికి వీల్లేదు. అలా అయితే పాత ఓడ కొనడం గిట్టుబాటు కాదని కంపెనీలు గోల చేస్తాయి. గిట్టకపోతే ఆ దీవుల దారికి ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వాలి. సెవోల్ కొనడానికి వెయ్యి కోట్ల వాన్ అప్పిచ్చింది కూడా ప్రభుత్వ బ్యాంకే కదా.