రాకెట్టెక్కబోయి దిగిన సూట్‌కేసుకు

సునీతా విలియమ్స్ గారి సూట్‌కేసు గారికి,

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి ఒక జీడితోట రైతు కొడుకు నమస్కారాలు.

2024 జూన్ ప్రయాణానికి ముందు మిమ్మల్ని స్టార్‌లైనర్ వ్యోమనౌకలోంచి దింపేశారని తెలిసి నొచ్చుకున్నాను. అదీ దేనికోసం? మూత్రం శుద్ధి చేసే యంత్రం పంపు కోసం! అంతరిక్ష కేంద్రంలో ఉన్నది సరిగ్గా ప్రయాణం ముందే పాడైందట. కొత్తది దాదాపు 70 కిలోలు. మీరు దిగారు, తోటి వ్యోమగామి విల్‌మోర్ గారి సూట్‌కేసూ దిగింది, పంపు ఎక్కింది. పెళ్ళికి ముస్తాబై నిలబడితే కారులో మన సీటు గ్యాస్ బండకిచ్చినట్టు.

ఎనిమిది రోజులే కదా అన్నారు. తుఫాను మర్నాడు ‘రేపటికి కరెంటు వచ్చేస్తుంది’ అనే మాట విన్న జిల్లా మాది, మేం నమ్ముతామా? హీలియం లీకయింది, నౌకను నడిపే చిన్న ఇంజిన్లు (థ్రస్టర్లు) మొరాయించాయి, స్టార్‌లైనర్ ఖాళీగా దిగొచ్చింది. ఆవిడ 286 రోజులకి వేరే వాహనంలో వచ్చారు. అక్కడ బట్టలుతికే మెషీన్ కూడా లేదు. కేంద్రంలో అత్యవసరానికని దాచిన బట్టలతో నెట్టుకొస్తే, సొంతవి ఆగస్టులో సరుకుల నౌకలో వెళ్ళాయి.

అయినా ప్లాన్ వేసినవాళ్ళని తిట్టలేను. అక్కడ ఇవాళ్టి మూత్రమే రేపటి మంచినీళ్ళు. పంపు ఆగిందా, అదంతా నింపి దాచుకుంటూ కూర్చోవాలి. మాసిన చొక్కాతో ఎవరూ పోరు.

ఈ లెక్క మా అమ్మకి ముందే తెలుసు. 2018 అక్టోబరు 10 సాయంత్రం, తిత్లీ తుఫాను వస్తోందని పలాసలో అక్కావాళ్ళ డాబాకి ఆటోలో బయల్దేరాం. దసరా కొత్తబట్టల సూట్‌కేసు వెనకాల సర్దాను. అమ్మ దాన్ని దించేసి రెండు నీళ్ళ క్యాన్లు ఎక్కించింది.

“దాహమేస్తే చొక్కా పిండుకుని తాగుతావేటిరా?”

తెల్లారేసరికి కొబ్బరి, జీడి చెట్లు నేలమీద ఉన్నాయి. కరెంటు లేదు, మోటార్లు ఆడలేదు. వీధిలో పిల్లలంతా గ్లాసులతో మా క్యాన్ల దగ్గరే. నేను బావ లుంగీలో, అదీ మోకాళ్ళ దాకా, గ్లాసులు నింపుతూ. ‘అత్యవసర నిల్వ’ అని మీవాళ్ళు గొప్పగా చెప్పుకునేది ఇలాంటి లుంగీనే అనుకుంటాను.

ఇంతకీ మీ జిప్పు బాగానే ఉందా? మాది తడిసి ఉబ్బి, సగం దాకా వచ్చి ఆగిపోతుంది. అమ్మ అందులో జీడిపిక్కలు పోస్తోంది.

ఇట్లు,
తోటి సూట్‌కేసు యజమాని