ఎండాకాలంలో రక్తం ఇచ్చేదెవరు?

ఏటా మే 8 ప్రపంచ రెడ్‌క్రాస్ దినం. రెడ్‌క్రాస్ ఉద్యమానికి ఆద్యుడైన హెన్రీ డ్యూనాంట్ 1828 మే 8న జెనీవాలో పుట్టారు. ఆయన వైద్యుడు కారు, సైనికుడూ కారు. సొంత పని మీద ఉత్తర ఇటలీ వెళ్లిన వ్యాపారి. 1859 జూన్ 24న సోల్ఫెరినో యుద్ధంలో గాయపడిన వేలమంది పక్కనున్న కాస్టిల్యోనె పట్టణంలో, చర్చీల్లోనూ వీధుల్లోనూ పడి ఉంటే ఊరి ఆడవాళ్లను కూడగట్టారు. పిల్లల చేత బకెట్లతో నీళ్లు మోయించారు. బండివాణ్ని బ్రెష్యా నగరానికి పంపి నిమ్మకాయలు, పంచదార, చొక్కాలు, కట్టుగుడ్డలు తెప్పించారు. ఎవరు ఏ సైన్యం వారని చూడలేదు. అంత చేసినా ఎందరో కళ్లముందే చనిపోయారు. అందుకే, శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు శాంతికాలంలోనే సిద్ధంగా ఉండాలని 1862లో పుస్తకం రాసి మరీ కోరారు. మరుసటి ఏడాదే రెడ్‌క్రాస్ పుట్టింది.

ఆ ముందుచూపు మన రక్తదాన శిబిరాల్లో కొరవడుతోంది. మే నెలలో కాలేజీలకు సెలవులు, బయట ఎండలు, దాతలు తగ్గిపోతారు. తలసేమియా (పుట్టుకతో వచ్చే రక్తహీనత) ఉన్న పిల్లలకు మాత్రం రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. నాయకుల పుట్టినరోజులకు ఒక్కరోజే వందల యూనిట్లు సేకరిస్తే ఏమవుతుంది? ఎర్రకణాలు నిల్వ ద్రావణంలో 42 రోజులుంటాయి, ప్లేట్‌లెట్లు అయిదు రోజులే. పైగా అంతమంది దాతలూ ఒకేసారి కనీసం మూడు నెలలపాటు అందుబాటులో లేకుండా పోతారు.

డ్యూనాంట్‌ను స్మరించదలచిన యువజన సంఘాలు, జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) విద్యార్థులు శిబిరాన్ని వారానికొకటిగా విడగొట్టాలి. దాతల పట్టికలో పేరు, గ్రూపుతోపాటు మళ్లీ ఎప్పుడు ఇవ్వవచ్చో ఆ తేదీ ఉండాలి: మగవారికి 90 రోజులు, ఆడవారికి 120 రోజుల ఎడం తప్పనిసరి. వయసు 18 నుంచి 65, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ డెసిలీటరుకు కనీసం 12.5 గ్రాములు ఉండాలి. హిమోగ్లోబిన్ చాలక వెనుదిరిగేవారిలో ఆడపిల్లలు ఎక్కువ. వారిని ఊరికే పంపేయకుండా, పక్కకు పిలిచి డాక్టరుకు చూపించుకోమని చెప్పడం కూడా సేవే.

శిబిరంలో కళ్లు తిరిగి పడిపోయేది చాలావరకు మొదటిసారి ఇచ్చేవారు, ఖాళీ కడుపుతో వచ్చినవారు. ముందుగా టిఫిన్ తినమని ఫోన్‌లోనే చెప్పాలి. సూది గుచ్చే ముందు అరలీటరు నీళ్లు తాగించాలి. ఇచ్చాక ఒక్కసారిగా లేవనివ్వకూడదు, పావుగంట కూర్చోబెట్టాలి. మంచం దగ్గర నర్సు ఉంటారు కాబట్టి వలంటీరు ఉండాల్సింది బిస్కెట్ల బల్ల దగ్గర, మెట్ల దగ్గర. తూలిపడేది ఎక్కువగా అక్కడే. తూలితే వెంటనే పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి, చుట్టూ గుమిగూడనివ్వకూడదు.

శిబిరం తేదీ ఖరారు చేసే ముందు రక్తనిధికి ఫోన్ చేసి ఏ గ్రూపు ఎంత నిల్వ ఉందో అడగాలి. ఓ నెగెటివ్ వంటి అరుదైన గ్రూపులవారిని శిబిరానికి రప్పించకుండా విడిగా జాబితా రాసుకుని, అవసరం పడిన రోజున పిలవడం మేలు.