రూకకు భోజనం: తెలుగు ఎం.ఏ. అడగని ప్రశ్నలు

హైదరాబాదులోని పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెడుతూ తెలంగాణ శాసనసభ 2025లో చట్టం చేసినప్పుడు, వాదోపవాదాలన్నీ ఏ పేరు తీశారు, ఏ పేరు పెట్టారు అన్నదాని చుట్టూనే సాగాయి. ఆ పేరుగల మనిషి సాహిత్యాన్ని ఎలా చదివాడన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆయన చదివిన పద్ధతి మన విశ్వవిద్యాలయాల తెలుగు తరగతి గదుల్లో ఎంతవరకు కనిపిస్తుందని అడిగి ఉంటే, పేరు మార్పు వల్ల కనీసం ఒక మంచి చర్చ మిగిలేది.

సురవరం సాహిత్యంలో పట్టా పుచ్చుకున్న ఆచార్యుడు కాదు. లా చదివిన వకీలు, గోలకొండ పత్రిక సంపాదకుడు. 1949లో వెలువడిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజులను, యుద్ధాలను పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ దేవతలకు మొక్కారు అన్న ప్రశ్నలను కావ్యాలకు వేసింది. పాల్కురికి సోమన మొదలుకొని ‘హంసవింశతి’ వరకు, పండితులు రసాలంకారాల కోసం వెతికిన పద్యాల్లో ఆయన వంటిల్లు, సంత, జూదం, జాతర వెతికాడు. సాహిత్య అకాడమీ 1955లో తెలుగుకు ఇచ్చిన తొలి పురస్కారం ఆ పుస్తకానికే దక్కింది. సాహిత్యమూ సంస్కృతీ కలిసిన చదువు ఎలా ఉండాలో చూపడానికి తెలుగులో అంతకంటె మంచి నమూనా లేదని నా అభిప్రాయం.

ఆ చదువు ఎలా సాగుతుందో ఒక్క పద్యంతో చూడవచ్చు. వినుకొండ వల్లభరాయని పేరిట ఉన్న ‘క్రీడాభిరామం’లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. అక్కడ లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు దొరికే భోజనాన్ని ఒక ఉత్పలమాల వర్ణిస్తుంది. కప్పురభోగి అనే మేలురకం బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, గడ్డపెరుగు. ఈ పద్యం తెలియని తెలుగు విద్యార్థి అరుదు. అయితే పరీక్షలో దాని మీద వచ్చే ప్రశ్నలు సాధారణంగా రెండే: ఛందస్సు ఏమిటి, ఈ కావ్యం వల్లభరాయనిదా, శ్రీనాథునిదా?

కర్తృత్వ వివాదం తెలుసుకోదగిందే, ఛందస్సు రాకుండా పద్యం పట్టుబడదు కూడా. కాని అడగవలసిన ప్రశ్నలు అక్కడే పుష్కలంగా పడి ఉన్నాయి. డబ్బిచ్చి ఇంటి బయట తినే అలవాటు ఎవరికి ఉండేది? ఆ ఇంటి గడప ఎవరు తొక్కగలిగేవారు, ఎవరు తొక్కలేకపోయేవారు? వరి తినే సీమలో గోధుమ పిండివంట గొప్పగా చెప్పుకోదగిన పదార్థం ఎందుకైంది? రూక అంటే ఎంత, అది కూలివాని ఎన్ని రోజుల రాబడి? వీటన్నిటికంటె చిక్కు ప్రశ్న మరొకటి ఉంది. కథ జరిగేది కాకతీయుల ఓరుగల్లులో, కావ్యం పుట్టింది ఆ రాజ్యం కూలిపోయిన తరువాత. పైగా అది ‘ప్రేమాభిరామం’ అనే సంస్కృత రచనకు తెలుగు రూపం. అలాంటప్పుడు ఆ రూక ఏ కాలపు రూక? ఆ విస్తరి కాకతీయులనాటిదా, కవినాటిదా, లేక పోయిన నగరం మీది బెంగ వడ్డించినదా? ఈ ప్రశ్నకు జవాబు వెతికే విద్యార్థి శాసనాలు తిరగేయాలి, నాణేల చరిత్ర చూడాలి, వీథి అనే నాటక ప్రక్రియ లక్షణం తెలుసుకోవాలి, సంస్కృత మూలం సంగతి కనుక్కోవాలి. అన్నిటికీ మించి, కవి చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చుకోవడం నేర్చుకోవాలి. సురవరం కూడా కొన్నిచోట్ల కావ్య వర్ణనను యథాతథంగా జీవిత వర్ణనగా తీసుకున్నాడని విమర్శించవచ్చు. ఆ విమర్శ చేయగల విద్యార్థిని తయారు చేయడమే తెలుగు ఎం.ఏ. పట్టా పని.

మన వ్యవస్థ ఆ పనిని ముక్కలుగా పంచింది. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయానికి ఉమ్మడి రాష్ట్రంలో ఉన్న నిర్మాణమే చూడండి: సాహిత్య పీఠం రాజమండ్రిలో, జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్లులో, చరిత్ర, సంస్కృతి, పురావస్తు అధ్యయనం శ్రీశైలంలో, నృత్యం కూచిపూడిలో. విద్యను అన్ని ప్రాంతాలకూ చేర్చాలన్న ఆలోచనగా అది మెచ్చదగినదే. విషయపరంగా మాత్రం ‘క్రీడాభిరామం’ చదివేవాడు ఒకచోట, ఓరుగల్లు శాసనాలు చదివేవాడు వేరొకచోట, ఆ కావ్యంలో కనిపించే ఏకవీర దేవత కొలువును, జాతరను ఇవాళ్టి జనపదాల్లో వెతికేవాడు మూడోచోట స్థిరపడ్డారు. రాష్ట్ర విభజన తరువాత వారి మధ్య సరిహద్దు కూడా వచ్చింది. మిగిలిన విశ్వవిద్యాలయాల్లో దూరం మైళ్లలో లేకపోవచ్చు. తెలుగు శాఖ, చరిత్ర శాఖ ఒకే భవనంలో రెండు అంతస్తుల్లో ఉంటాయి, ఒకరి విద్యార్థి మరొకరి గుమ్మం తొక్కకుండానే రెండేళ్లూ గడిచిపోతాయి.

ఇది మొదటినుంచీ ఇలాగే లేదు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయిన కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చదివింది చరిత్ర. తెలుగు కావ్య విమర్శను కొత్త దారి పట్టించిన ‘కవిత్వతత్త్వ విచారము’ రాసింది కూడా ఆయనే. వ్యావహారిక భాష కోసం పోరాడి, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో చరిత్ర పాఠం చెప్పిన ఉపాధ్యాయుడు. సమగ్రాంధ్ర సాహిత్య చరిత్రను ఒంటిచేత్తో సంపుటాలుగా వెలువరించిన ఆరుద్ర సినిమా పాటలు రాసి బతికినవాడు. వీరెవరూ తెలుగు ఎం.ఏ. వారు కారు. పట్టా లేకపోవడమే గొప్ప అని దీని అర్థం కాదు, అలా అనేవారిని నేను నమ్మను. వారు సాహిత్యం దగ్గరికి ఏదో ఒక ప్రశ్నతో వచ్చారు. మన ఎం.ఏ. విద్యార్థి చేతికి ప్రశ్న కంటె ముందు జవాబుల గైడు అందుతుంది.

గైడు ఎందుకు అందుతుందో తెలియనిది కాదు. తెలుగు ఎం.ఏ. చాలాకాలంగా బడిలో తెలుగు పండితుల కొలువుకు మెట్టుగా మారింది, దాని ఊపిరి ప్రభుత్వ బడుల ఉపాధ్యాయులను ఎంపిక చేసే డీఎస్సీ నోటిఫికేషన్‌లో ఉంది. తెలంగాణలో 2017 నాటి నోటిఫికేషన్ తరువాత మళ్లీ ఉపాధ్యాయ నియామక పరీక్ష జరిగింది 2024లో. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తరువాత మెగా డీఎస్సీ పరీక్షలు జరిగింది 2025లో. ఏళ్ల తరబడి ఎదురుచూసే విద్యార్థి ‘కవి, కాలం, కృతి, బిరుదు’ పట్టికలు బట్టీ పట్టడాన్ని తప్పుపట్టలేం, పోటీ పరీక్ష అడిగేది అవే కాబట్టి. కింది తరగతుల్లోనూ పరిస్థితి ఇంతే. ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న పిల్లలకు తెలుగు పదో తరగతితోనే ఆగిపోతోంది. డిగ్రీలో స్పెషల్ తెలుగు తీసుకునేవారిని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ‘ఈ చదువుకు ఉద్యోగాలేవి?’ అన్న ప్రశ్న న్యాయమైనదే గాని, ఆ ప్రశ్న వేసేవారు ఉద్యోగమంటే బడిపంతులు కొలువొక్కటే అనుకుంటున్నారు. పాత రాతను చదివి అందులో నమ్మదగినదేదో తేల్చగలవారు, ఒక మాండలికాన్ని మరొకరికి అర్థమయ్యేలా మార్చగలవారు పత్రికలకు, అనువాదాలకు, పురావస్తు శాఖలకు, యంత్రాలకు తెలుగు నేర్పే సంస్థలకు కూడా కావాలి. అటువంటివారిని తయారు చేస్తున్నామా అన్నది అసలు చిక్కు.

ఒక సంగతిలో మాత్రం విశ్వవిద్యాలయాలకు ఘనత ఇవ్వాలి. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేసి, 1950లలోనే పల్లె పాటకు పట్టా స్థాయి తెచ్చాడు. తరువాతి దశాబ్దాల్లో స్త్రీవాద, దళిత, ముస్లింవాద రచనలు పాఠ్యక్రమంలోకి వచ్చాయి. ఇవాళ తెలుగు ఎం.ఏ.లో చేరేవారిలో చాలామంది ఇంట్లో మొదటిసారి కళాశాల చూసినవారు. వారిలో ఒగ్గుకథ విన్నవారు, చిందు భాగోతం ఆడే కుటుంబాల పక్కన పెరిగినవారు, ఊరి జాతరలో పోతురాజు ఎలా వస్తాడో కళ్లారా చూసినవారు ఉంటారు. సోమన కావ్యాల్లోని శివభక్తుల ఆటపాటలు వారికి అధస్సూచిక అక్కర్లేకుండా అర్థం కావాలి. కాని ‘మీ ఊళ్లో ఇది ఎలా చేస్తారు?’ అని అడిగే వ్యవధి సెమిస్టర్ పాఠ్యక్రమంలో లేదు, అంతర్గత మూల్యాంకనంలో దానికి మార్కులూ లేవు.

మార్పు మొదలుకావడానికి కొత్త శాఖలు, కొత్త భవనాలు అవసరం లేదు. ఒక సెమిస్టర్‌లో ఒకే కావ్యాన్ని తెలుగు, చరిత్ర, జానపద అధ్యాపకులు ముగ్గురూ కలిసి చెప్పవచ్చు. ఎం.ఏ. చివర రాసే లఘు వ్యాసానికి ‘ఫలానావారి రచనలు - పరిశీలన’ తరహా శీర్షికలను ఆపేసి, జవాబు ముందే తెలియని ప్రశ్నను శీర్షికగా పెట్టమనవచ్చు. అయితే ఈ మాట వినవలసిన శాఖల్లో ఏళ్లుగా ఖాళీలు భర్తీ కాక, పాఠాలు చెబుతున్నవారిలో చాలామంది అతిథి, ఒప్పంద అధ్యాపకులే. వచ్చే ఏడు కొనసాగుతామో లేదో తెలియని అధ్యాపకుడు, పక్క శాఖవారిని పిలిచి, పాత ప్రశ్నపత్రాన్ని పక్కన పెట్టి, లక్ష్మణవజ్ఝల ఇంటి గడప ఎవరు తొక్కలేకపోయారో విద్యార్థుల చేత వెతికించాలంటే, ముందు ఆ అధ్యాపకునికి తన గదిలో నిలకడగా ఒక కుర్చీ ఉండాలి.