మా ఫ్రిజ్ మీది సెలవుల పట్టిక గారికి

మహారాజశ్రీ యూదుల డేకేర్ సెలవుల పట్టిక గారి సముఖమునకు, న్యూజెర్సీ నుంచి ఒక తల్లి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు మా ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద క్షేమంగానే ఉన్నారు. బాగా లేనిది నేనే.

ఇవాళ 2025 అక్టోబరు 15, బుధవారం, సిమ్‌హత్ తోరా. ఏడాది పొడుగునా చదివిన తోరాను, అంటే యూదుల ధర్మగ్రంథాన్ని, ముగించి, మళ్లీ మొదటికి వచ్చి, ఆ గ్రంథపు చుట్టలు ఎత్తుకుని నాట్యం చేసే రోజు. మావాడికి క్లాసులో మంచి తర్ఫీదే ఇచ్చి పంపారు. పొద్దున క్లయింటు కాల్‌లో రిలీజ్ ఎందుకు ఆలస్యమైందో నేను నీళ్లు నములుతుంటే, నా వెనక వీడు చొక్కా లేకుండా, స్కూలువాళ్లిచ్చిన మెత్తటి బొమ్మ తోరాను గుండెకి హత్తుకుని గిరగిరా తిరుగుతున్నాడు. కెమెరా ఆన్‌లోనే ఉంది. క్లయింటు "హ్యాపీ హాలిడే" అన్నాడు. రిలీజ్ సంగతి మాత్రం మర్చిపోలేదు.

పండగల మీద నాకేం కోపం లేదండీ. పంచాంగం ఉన్న ఇంట్లో పుట్టినదాన్నే. 19 ఏళ్లకు 7 అధికమాసాలు మీకూ ఉన్నాయి, మాకూ ఉన్నాయి. ఈ ఏడాది మీ కొత్త సంవత్సరం రోష్ హషానా, మా దేవీ నవరాత్రులు ఒకే అమావాస్యను ఆనుకుని వచ్చాయి. మీ ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్ అయితే అక్టోబరు 2న, సరిగ్గా విజయదశమి నాడే. పైగా గాంధీ జయంతి. ఇన్ని కలిసొచ్చినా నాకు సెలవు లేదు. యోమ్ కిప్పూర్‌కి లీవు అడిగితే మా మేనేజరు, మన తెలుగాయనే, "మీరెప్పుడు యూదులయ్యారండీ?" అన్నాడు. పోనీ దసరా అందామంటే, "ఇండియా టీమంతా లీవులో ఉంది, మీరన్నా ఉండకపోతే ఎలా?" అన్నాడు.

నా గొడవల్లా తమరు మంగళ, బుధవారాల మీద పగబట్టినందుకు. సెప్టెంబరు 23, 24. అక్టోబరు 7, 8. మళ్లీ 14, 15. మధ్యలో ఒక గురువారం, కొలంబస్ డే పేరిట ఒక సోమవారం. సూర్యాస్తమయానికే పండగ మొదలవుతుంది గనక ముందురోజు ఒంటిపూట. 20న దీపావళి, ఆ రోజు మాత్రం నిక్షేపంలా తెరిచే ఉంటారు.

అసలు ఆ రెండో రోజు ఏమిటండీ? పూర్వం జెరూసలేంలో నెలవంక చూసి, నెల మొదలైందని మనుషులతో కబురు పంపేవారట. దూరదేశాలకు అది వేళకు చేరదని, ఎందుకైనా మంచిదని, ఇంకో రోజు కూడా పండగ చేసుకునేవారట. అక్టోబరు 7న మొదలైన ఆ పర్ణశాలల పండగకి ఇజ్రాయెల్‌లో మొదట పని మానేది ఒక్కరోజే, ఇక్కడ రెండు. కబురు వచ్చేసిందమ్మా! ఎప్పుడో వచ్చేసింది! చంద్రుడెప్పుడు పొడుస్తాడో నా ఫోనులో నిమిషాలతో సహా ఉంది. ఫీజు కట్టమనే కబురు ఒకటో తారీకు తెల్లారకముందే, ఏ దూతా దారి తప్పకుండా చేరుతోంది కదా? అదీ మూసేసిన రోజులతో కలిపి! నేను వాడిని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వస్తే నిమిషానికో డాలరు గుంజుతావే, వారానికి వారం తలుపులు మూసినందుకు నువ్వు నాకెంతిస్తావు? చెప్పు!

పల్లీలు ఏరేసి పంపినా పులిహోర డబ్బా వెనక్కొచ్చింది, ఎలర్జీ పిల్లలున్నారు, సరే. ఈత క్లాసుకి కార్డు నంబరు కొట్టేలోపు వెయిట్‌లిస్టు అన్నారు, సరే. పులిసిన రొట్టె ముట్టని పస్కా పండగ వారంలో బ్రెడ్డు వద్దన్నారని ఇడ్లీ పెడితే, అందులో బియ్యం, మినప్పప్పు ఉన్నాయే అని టీచరు తల పట్టుకుంది. కన్జర్వేటివ్ శాఖ యూదు గురువులు, రబ్బీలు, 2015లోనే ఆ వారం అన్నం, పప్పు తినొచ్చని తేల్చారు, ఆవిడ శాఖ వేరేమో. సరే.

వేరేచోట చేర్పిద్దాం అంటారు వాళ్ల నాన్న. ఎక్కడ? శుక్రవారం మావాడు తను జడలా అల్లిన హల్లా రొట్టెను ఫోన్లో చూపించి, యూదుల విశ్రాంతి రోజు పలకరింపుగా "షబ్బాత్ షాలోమ్ నానమ్మా" అంటాడు. విజయవాడ నుంచి మా అత్తగారు "షాలోమ్ నాన్నా, అన్నం తిన్నావా?" అంటారు. 2017లో ఇలాంటి యూదు సెంటర్లకి దేశమంతటా బాంబు బెదిరింపులు వచ్చాయని తెలిసీ, గేటు దగ్గర గార్డుని చూస్తూ కూడా, రోజూ వాణ్ణి లోపలికి పంపుతున్నాను. ఆ టీచర్లు చూసుకునే తీరు అలాంటిది. నా గొడవ నీతోనే.

ఈ ఒక్క ఏడాది ఓర్చుకుందామని 2026 తేదీలు తీసి చూశాను. రోష్ హషానా సెప్టెంబరు 12, 13: శని, ఆదివారాలు. పర్ణశాలల పండగ 26, 27: శని, ఆదివారాలు. సిమ్‌హత్ తోరా అక్టోబరు 4, ఆదివారం. యోమ్ కిప్పూర్ ఒక్కటే సోమవారం.

వచ్చే సెప్టెంబరుకి మావాడు కిండర్‌గార్టెన్‌లో ఉంటాడు. కక్ష కాకపోతే ఏమిటే ఇది?

ఇట్లు,
నవంబరు ఫీజు కూడా కట్టేసిన తల్లి