కొంటే రెండూ ఒకే మోడల్ కొనండి

ఇన్నాళ్లూ బటన్ ఫోన్లతో నెట్టుకొచ్చిన దంపతులకు స్మార్ట్‌ఫోన్ కొందామనుకోగానే లెక్క రెండు రకాలుగా నడుస్తుంది. ఆయనకు కొత్తది, ఆమెకు పిల్లలెవరో వాడి పక్కన పడేసింది అనేది ఒక రకం. "ఇద్దరూ ఇంట్లోనే ఉంటారుగా, మంచిది ఒక్కటి చాలు" అనేది ఇంకో రకం. నన్నడిగితే రెండూ డబ్బు దండగే. ఉన్న డబ్బును సమానంగా పంచి, ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే మెమరీ ఉన్న ఫోన్లు రెండు తీసుకోవాలి. రంగులు మాత్రం వేరుగా ఉండాలి, లేకపోతే రోజూ ఒకరి ఫోన్ ఒకరు పట్టుకుపోతారు.

ఇద్దరికీ కలిపి ఒకటే ఫోన్ ఎందుకు కుదరదో చెప్పడం తేలిక. వాట్సాప్ ఖాతా ఫోన్ నంబరుతో ముడిపడి ఉంటుంది. ఓటీపీ వచ్చేది ఆ నంబరుకే. ఆయన ఫోన్ జేబులో వేసుకుని బయటికెళ్తే, ఇంట్లో ఆమె మొదలుపెట్టిన పని తాలూకు ఓటీపీ ఆయన జేబులో మోగుతుంది. ఇక పిల్లల పాత ఫోన్ సంగతి. నాలుగైదేళ్లు వాడేసరికి బ్యాటరీ సగం రోజుకే చేతులెత్తేస్తుంది. చాలా మోడళ్లకు అప్పటికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి ఉంటాయి. అలాంటి ఫోన్లలో ముందుగా మొరాయించేవి బ్యాంకు యాప్‌లే.

ఒకే మోడల్ అని పట్టుబట్టడానికి అసలు కారణం వేరే ఉంది. ఆండ్రాయిడ్ అన్నిటిలోనూ ఒకటే అంటారు గానీ, సెట్టింగ్స్ ఒక్కో కంపెనీ ఒక్కో చోట పెడుతుంది. కింద వెనక్కి, హోమ్, రీసెంట్స్ బటన్లు మూడూ కనపడేలా చేసే ఆప్షన్ శాంసంగ్‌లో డిస్‌ప్లే కింద ఉంటుంది, గూగుల్ పిక్సెల్‌లో సిస్టమ్ కింద. దూరాన ఉన్న కొడుకో కూతురో ఫోన్‌లో దారి చెప్పాలంటే, మోడళ్లు వేరైతే రెండు దారులు గుర్తుపెట్టుకోవాలి. ఒకటే మోడలైతే ఆమెకు చెప్పింది ఆయనకూ పనికొస్తుంది. నెల తిరిగేసరికి ఒకరికొకరు చెప్పుకుంటారు, పిల్లల దాకా రానే రాదు.

రిపేరు విషయంలోనూ ఈ జంట అక్కరకొస్తుంది. ఒకదానిలో నెట్ రావడం లేదనుకోండి, రెండు సిమ్‌లూ అటుదిటు మార్చి చూడండి. సమస్య సిమ్ వెంట వెళ్లిందా, ఫోన్‌తోనే ఉండిపోయిందా అన్నది ఐదు నిమిషాల్లో తేలుతుంది. ఛార్జింగ్ ఎక్కకపోతే అవతలి కేబుల్ పెట్టి చూడటమే. సెట్టింగ్ ఏదో మారిపోయిందంటే పక్క ఫోన్‌లో చూసి సరిచేసుకోవచ్చు.

బడ్జెట్‌లో ఏడో వంతు ముందే పక్కన పెట్టండి. అది కవరు, స్క్రీన్ గ్లాసు, ఛార్జర్ కోసం. ఇప్పుడు చాలా పెట్టెల్లో కేబుల్ తప్ప ఛార్జర్ ఉండదు. మిగిలిన డబ్బుతో మోడల్ చూసేటప్పుడు మొదటి ప్రశ్న కెమెరా గురించి కాదు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయన్నది. ఈ గడువు మనం కొన్న రోజు నుంచి కాక, మోడల్ మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచి నడుస్తుంది. శాంసంగ్ గెలాక్సీ ఏ16 2024లో వచ్చింది, దానికి ఆరేళ్లు ఇస్తామన్నారు. దాన్ని 2026లో కొంటే చేతికి మిగిలేది నాలుగేళ్లే. గూగుల్ పిక్సెల్ 8కి, ఆ తర్వాతి మోడళ్లకు ఏడేళ్లు. తగ్గింపు ధరకు దొరికే పాత మోడల్ చూసి ముచ్చటపడే ముందు ఈ తీసివేత చేసుకోండి. ధరను మిగిలిన ఏళ్లతో భాగిస్తే ఏది చవకో తెలిసిపోతుంది.

ర్యామ్, అంటే యాప్‌లు నడిచేటప్పుడు ఫోన్ వాడుకునే తాత్కాలిక మెమరీ, 6 జీబీకి తగ్గొద్దు, 8 దొరికితే మేలు. పెట్టె మీద "4+4" అని రాసి ఉంటే అది 8 కాదు. రెండో 4 అంటే స్టోరేజిలో కొంత భాగాన్ని ర్యామ్‌గా వాడుకోవడం, దాని వేగం అసలు ర్యామ్ దరిదాపులకు రాదు. స్టోరేజి 128 జీబీ ఉండాలి. 64 జీబీలో సిస్టమ్ తినగా మిగిలింది గుడ్ మార్నింగ్ ఫొటోలకే సరిపోతుంది. స్టోరేజిలో రకం కూడా చూడాలి, దీన్ని దుకాణంలో ఎవరూ చెప్పరు. ఈఎంఎంసీ రకం ఒకసారికి చదవడమో రాయడమో ఏదో ఒకటే చేయగలదు. యూఎఫ్ఎస్ రెండూ ఒకేసారి చేస్తుంది. గ్రూపులో వీడియోలు దిగుతుండగా కాల్ లిస్టు తెరిస్తే చవక ఫోన్ బిగుసుకుపోవడానికి తరచూ ఇదే కారణం. స్పెసిఫికేషన్లలో యూఎఫ్ఎస్ 2.2 అని కనబడితే చాలు.

స్క్రీన్ విషయంలో తెలుగు చదివేవాళ్లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. 6.6 అంగుళాల తెరలో 720 పిక్సెళ్ల వెడల్పు రకమైతే అంగుళానికి సుమారు 266 చుక్కలు, 1080 రకమైతే 400 దాకా ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలకు మొదటిది సరిపోతుంది. తెలుగులో ఒత్తు కింద ఒత్తు, పైన గుడి వచ్చిన చోట చిన్న అక్షరాలు అలుక్కుపోయినట్టుంటాయి. చత్వారం ఉన్న కళ్లకు ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అందుకే 1080 తీసుకోండి. 120 హెర్ట్జ్ అంటే జరపడంలో నునుపు, లేకపోయినా నష్టం లేదు.

కెమెరాల సంఖ్యకు మోసపోకండి. వెనక మూడు కళ్లున్నా, వాటిలో 2 మెగాపిక్సెళ్ల మాక్రో, డెప్త్ అనేవి లెక్క కోసం పెట్టినవే. చేయి వణికేవాళ్లకు ఆప్టికల్ స్టెబిలైజేషన్ (చేయి కదిలినా ఫొటో చెదరకుండా సర్దే ఏర్పాటు) ఉన్న ఒక్క కెమెరా చాలు. బ్యాటరీ 5000 ఎంఏహెచ్ మామూలైపోయింది. వేలిముద్ర సెన్సర్ మాత్రం పవర్ బటన్‌లోనే ఉన్నది చూడండి. తెర కింద ఉండే సెన్సర్ ఆరిపోయిన, అరిగిపోయిన వేళ్లను సరిగా గుర్తుపట్టదు, పైన మందపాటి గ్లాసు వేస్తే చాలాసార్లు అసలే పట్టదు. వేలిముద్ర ఇచ్చేటప్పుడు అదే వేలిని రెండుసార్లు నమోదు చేస్తే తప్పులు తగ్గుతాయి.

నేర్పే పిల్లలందరి చేతుల్లోనూ ఐఫోన్లే ఉంటే రెండు వాడిన ఐఫోన్లు తీసుకోవడంలో తప్పు లేదు. బ్యాటరీ హెల్త్ 80 శాతం దాటి ఉండాలి, పాత యజమాని ఖాతా తీసేసి యాక్టివేషన్ లాక్ (ఆ ఖాతా లేకుండా ఫోన్ తెరుచుకోనివ్వని తాళం) పోయిందో లేదో కళ్లతో చూసుకోవాలి.

ఒక దేశంలో కొని మరో దేశానికి పంపే ఫోన్ల విషయంలో చాలామంది పొరపాటు పడతారు. వాయిదాల మీద నెట్‌వర్క్ కంపెనీ ఇచ్చిన ఫోన్ తరచూ లాక్ అయి ఉంటుంది, వేరే సిమ్ తీసుకోదు. లాక్ లేకపోయినా, అక్కడి నెట్‌వర్క్ ఆ మోడల్‌కు వోల్టీ (4జీ మీదే కాల్ కలిపే సదుపాయం) ఇవ్వకపోతే నెట్ వస్తుంది గానీ 2జీ, 3జీ మూసేసిన చోట కాల్ కలవదు. అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లలో సిమ్ ట్రే లేనే లేదు, ఈసిమ్ (ఫోన్ లోపలే ఉండే డిజిటల్ సిమ్) ఒక్కటే గతి. వారంటీ కూడా చాలావరకు కొన్న దేశానికే పరిమితం. అందుకే ఫోన్ ఎక్కడ వాడతారో అక్కడే కొనమంటాను. పిల్లలు డబ్బు పంపితే చాలు.

ఇక సిద్ధం చేయడం. బటన్ ఫోన్‌లో గట్టిగా నొక్కితేనే పని జరిగేది. ఆ అలవాటుతో వాట్సాప్ గుర్తు మీద వేలు అదిమి పట్టుకుంటారు. ఫోన్ దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుంటుంది. గుర్తు కాస్త లేచి కదులుతుంది, ఏదో చిన్న మెనూ వస్తుంది, వేలు జరిగిందంటే గుర్తు పక్క పేజీకి పోతుంది. "వాట్సాప్ పోయిందిరా" అని ఫోన్ వచ్చేది ఇలాగే. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి టచ్ అండ్ హోల్డ్ డిలేను లాంగ్‌కు మార్చండి. శాంసంగ్‌లో హోమ్ స్క్రీన్ లేఅవుట్‌ను లాక్ చేసే వీలు కూడా ఉంది. వాట్సాప్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. కీబోర్డులో తెలుగు పెట్టి మైకు ఎక్కడుందో చూపించండి, చాలామందికి టైపింగ్ కంటే మాట్లాడి రాయించడమే సులువు.

పిల్లలు తొందరలో ఒకే జీమెయిల్ తెరిచి రెండు ఫోన్లలోనూ వేసేస్తుంటారు. అలా చేస్తే ఇద్దరి కాంటాక్టులూ కలగాపులగం అవుతాయి, ఫొటోలకు, వాట్సాప్ బ్యాకప్‌లకు ఉన్న 15 జీబీ ఉచిత చోటు ఇద్దరి మధ్యా పంచుకోవాల్సి వస్తుంది. ఎవరి ఖాతా వాళ్లకు తెరవండి. ఆయన ఖాతాకు రికవరీ నంబరుగా ఆమెది, ఆమె ఖాతాకు ఆయనది ఇవ్వండి. పాస్‌వర్డు నోట్‌బుక్‌లో రాసి ఇంట్లోనే ఉంచండి. పిన్ మరిచి బలవంతంగా రీసెట్ చేయాల్సి వస్తే, ఆ తర్వాత ఫోన్ అడిగేది పాత పిన్ లేదా అదే ఖాతా పాస్‌వర్డు. అదే పేజీలో *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబర్లు (ఫోన్ గుర్తింపు సంఖ్యలు) కూడా రాసి పెట్టండి, ఫోన్ పోతే ఫిర్యాదులో అడుగుతారు.

పాత పెద్ద సిమ్‌ను కత్తెరతో కోయొద్దు, నెట్‌వర్క్ వాళ్ల దగ్గర నానో సిమ్‌గా మార్పించండి. పాతది 4జీ సిమ్ కాకపోతే ఎలాగూ మార్చాల్సిందే. పేర్లు పాత సిమ్‌లో ఉన్నాయా, బటన్ ఫోన్ మెమరీలో ఉన్నాయా అన్నది అంతకుముందే చూసుకోండి. ఫోన్‌లో ఉన్నవాటిని సిమ్‌లోకి కాపీ చేసి, ఆ సిమ్‌నుంచి కొత్త ఫోన్‌లో గూగుల్ ఖాతాలోకి ఇంపోర్ట్ చేయండి. మార్చిన కొత్త సిమ్‌లో పాత పేర్లు ఉండవు కాబట్టి ఈ వరస తప్పకూడదు. పాత సిమ్ కొత్త ఫోన్‌లో పట్టకపోతే అందులోని పేర్లను ముందు బటన్ ఫోన్ మెమరీలోకి కాపీ చేసి, తర్వాత నానో సిమ్‌కు అడాప్టర్ పెట్టి బటన్ ఫోన్‌లో వేసి, ఫోన్ మెమరీలోని పేర్లను దానిలోకి కాపీ చేయొచ్చు. సిమ్‌లో పేరుకు చోటు తక్కువ, పొడుగు పేర్లు సగంలో తెగి వస్తాయి. అవి సరిచేసి, మొత్తం ఎన్ని పేర్లు వచ్చాయో లెక్క సరిపోయాకే పాత ఫోన్ అల్మారాలో పెట్టండి.